పగలగొట్టడం వేరు, తీయడం వేరు: సుత్తి నుంచి నీటి జెట్ దాకా

ఈ ఎపిసోడ్ కోకాపేట నుంచి మొదలుపెడదాం. ఇక్కడ అద్దెకుండే వాళ్లని అడగండి, పొద్దున్నే లేపేది అలారం కాదు, బ్రేకర్ అంటారు. డగ్ డగ్ డగ్ డగ్ అని మొదలైతే సాయంత్రం దాకా ఆగదు. నియోపోలిస్ లేఅవుట్‌లో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది, గుర్తుందా? ఆ ధర పలికిన నేల కింద ఉన్నది బండ. సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైట్. దాన్ని తవ్వి సెల్లార్లు దింపాలంటే పెద్ద మిషనే కావాలి. ఎంత బలంగా కొడితే అంత తొందరగా పని అవుతుంది.

ఇప్పుడు ఇంకో సీన్ ఊహించుకోండి. ఇక్కడి నుంచి కొన్ని కిలోమీటర్ల దూరంలో పాతికేళ్ల నాటి అపార్ట్‌మెంట్. సెల్లార్‌లో, వాచ్‌మన్ గది పైన ఉన్న బీమ్ కింద పెచ్చులు ఊడి పడుతున్నాయి. సలాకలు బయటపడ్డాయి, తుప్పు కనిపిస్తోంది. అసోసియేషన్ వాళ్లు ఒక మేస్త్రీని పిలిచారు. ఆయన పెద్ద బ్రేకర్ తెచ్చి, "పాడైందంతా గంటలో రాల్చేస్తా సార్" అన్నాడు. రేటు తక్కువ, టైమ్ తక్కువ. మీరైతే సరే అంటారా?

వద్దనాలి. ఎందుకు వద్దనాలో అర్థం కావాలంటే ఈ పనిముట్ల చరిత్ర కొంచెం తెలియాలి. ఈ రోజు కథ అదే.

ముందు రాయి దగ్గరికి వెళ్దాం. మిషన్లు రాకముందు మన దగ్గర బండ పగలగొట్టింది ఎవరు? వడ్డెరలు. వాళ్ల చేతిలో ఉన్నవి సమ్మెట, ఉలి, గునపం, ఇనుప సీలలు. వాళ్లు బండను ఎక్కడపడితే అక్కడ బాదేవాళ్లు కాదు. ముందు బండను చూస్తారు, దాని పొర ఎటు పోతోందో కనిపెడతారు. ఆ గీత వెంబడి ఉలితో వరసగా చిన్న చిన్న గుంతలు కొడతారు. ఒక్కో గుంతలో ఒక్కో సీల పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కో దెబ్బ వేసుకుంటూ వెళ్తారు. కాసేపటికి బండ గీత గీసినట్టు రెండుగా విడిపోతుంది. చూశారా, అక్కడ బలం కంటే ముందు ఎక్కడ కొట్టాలి, ఎంత కొట్టాలి అన్న లెక్క ఉంది. ఈ లెక్కను గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

కోకాపేట పక్కనే గండిపేట ఉంది కదా, అంటే ఉస్మాన్ సాగర్. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేల మందిని మింగేసింది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆ ఆలోచనల్లోంచి 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఉస్మాన్ సాగర్ కట్టకు బలం రాతి కట్టడమే. ఆ రోజుల రాతి కట్టడాల లోపల ఇప్పటి బిల్డింగుల్లో లాగా ఇనుప సలాకల వల ఉండదు. అందుకే లోపల తుప్పు పట్టి ఉబ్బి పగిలే జబ్బు వాటికి లేదు. ఆ జబ్బు మన కాంక్రీట్‌కే ప్రత్యేకం.

ఆ కాంక్రీట్ ఎక్కడి నుంచి వచ్చింది? 1824లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. మన వైపు సిమెంట్ తయారీ ప్రయత్నం మద్రాసులో 1904లో మొదలైంది. కానీ అసలు మలుపు 1867. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో జోసెఫ్ మోనియే అనే తోటమాలి, సిమెంట్ లోపల ఇనుప తీగలు పెట్టి చేసే పూల తొట్లకు పేటెంట్ తీసుకున్నాడు. సరిగ్గా అదే 1867లో ఆల్ఫ్రెడ్ నోబెల్ డైనమైట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. కట్టే విద్య, పేల్చే విద్య ఒకే ఏడాది కాగితం మీదకి ఎక్కాయి అన్నమాట.

సిమెంట్‌లో ఇనుము పెట్టడం వల్ల వచ్చిన లాభం ఏంటంటే, కాంక్రీట్ నొక్కితే తట్టుకుంటుంది, లాగితే తట్టుకోలేదు. ఇనుము లాగినా తట్టుకుంటుంది. బీమ్ అంటే మన పాత ఇళ్ల దూలమే. పైన బరువు పడితే అది కిందికి వంగుతుంది, అడుగు భాగం సాగుతుంది. ఆ సాగుడుని అడుగున ఉన్న సలాకలు పట్టుకుంటాయి. సలాకలు, కాంక్రీట్ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నంత వరకే ఈ ఆట నడుస్తుంది. ఆ పట్టు పోతే బీమ్ లేనట్టే.

కాంక్రీట్ కొత్తగా ఉన్నప్పుడు దానిలో క్షారం ఎక్కువ, పీహెచ్ 12 పైనే ఉంటుంది. ఆ క్షారం వల్ల ఇనుము మీద ఒక సన్నటి పొర ఏర్పడి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా లోపలికి పోయి ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. మన బీమ్‌లకు సలాక బయట ఉండే కవరింగ్ 25, 30 మిల్లీమీటర్లు. సెంట్రింగ్ టైమ్‌లో కవర్ బిళ్లలు పెట్టకపోతే అది కూడా ఉండదు. బాత్రూమ్ లీకేజీ చెమ్మ తోడైతే ఇంకా తొందర. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు తీసుకుంటుంది. లోపలి నుంచి ఉబ్బి కవరింగ్‌ని తోసేస్తుంది. అదే మనం చూసే పెచ్చులూడటం.

సరే, పనిముట్ల దగ్గరికి వద్దాం. 1857లో ఫ్రాన్స్, ఇటలీ మధ్య ఆల్ప్స్ పర్వతాల్లో మోంట్ సెనీ రైలు సొరంగం మొదలైంది. మొదట్లో చేత్తోనే రాయిలో రంధ్రాలు కొట్టారు. ఇలా అయితే దశాబ్దాలు పడుతుందనుకున్నారు. 1861 నుంచి జెర్మెయిన్ సొమ్మెయ్యె అనే ఇంజినీరు తయారు చేసిన గాలి ఒత్తిడి డ్రిల్లులు దింపారు. సొరంగం 1871లో తెరిచారు. మనం రోడ్ల మీద చూసే కంప్రెసర్ బండికి ముత్తాత అదే. తర్వాత అమెరికాలోని డెట్రాయిట్‌లో చార్లెస్ బ్రాడీ కింగ్ 1894లో చేత్తో పట్టుకునే గాలి సుత్తికి పేటెంట్ తీసుకున్నాడు. 1960ల్లో జర్మనీలో క్రుప్ కంపెనీ హైడ్రాలిక్ సుత్తిని మార్కెట్‌లోకి తెచ్చింది. ఇప్పుడు కోకాపేటలో ఎక్స్‌కవేటర్ చివర వేలాడే బ్రేకర్ ఆ వంశమే. పెద్ద సైజువి ఒక్కోటి టన్ను పైనే బరువు ఉంటాయి.

అంటే వందేళ్ల పాటు చరిత్ర ఒకే దిక్కుగా నడిచింది. ఇంకా వేగం, ఇంకా బలం. దానికి బిల్లు ఎవరు కట్టారు? పని చేసినవాళ్లు. పొడిగా రాయిని తొలిచే డ్రిల్లులకు అమెరికా గనుల్లో "విధవల్ని చేసేది" అనే పేరు వచ్చింది. రాయి దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వస్తుంది. వస్తే తిరిగి బాగయ్యే జబ్బు కాదది. 1890ల్లోనే జార్జ్ లేనర్ అనే ఆయన డ్రిల్ మధ్యలోంచి నీళ్లు పంపి దుమ్ము లేవకుండా చేసే పద్ధతి చూపించాడు. ఉపాయం తెలిసిన ముప్పై ఏళ్ల తర్వాత కూడా, 1930లో మొదలైన హాక్స్ నెస్ట్ సొరంగంలో పొడిగానే తొలిచారు. ఎందుకంటే నీళ్లతో చేస్తే పని నెమ్మది. వందల మంది కూలీలు చనిపోయారు, వాళ్లలో ఎక్కువ మంది నల్లజాతి వలస కూలీలు.

ఇంకో దెబ్బ చేతులకు. 1918లో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ రాతి పనివాళ్లని పరీక్షించింది. గాలి సుత్తి పట్టుకునే వాళ్ల వేళ్లు చలికి తెల్లగా పాలిపోయి స్పర్శ పోతున్నాయని రాసింది. మన సైట్లలో గ్లౌజులు, మాస్క్ లేకుండా రోజంతా చిప్పింగ్ మిషన్ పట్టుకునే కుర్రాడిని చూసినప్పుడు ఈ రెండూ గుర్తు తెచ్చుకోండి. ముఖానికి కట్టుకున్న తువ్వాలు సిలికాను ఆపదు.

ఇప్పుడు మన హైదరాబాద్‌కి వద్దాం. మూడు సంఘటనలు చెప్తాను. మూడింటిలోనూ పెద్ద మిషనో పేలుడో వాడారు, మూడు చోట్లా దానికి కారణం ఉంది.

మొదటిది సికింద్రాబాద్ మినిస్టర్ రోడ్డు. 2023 జనవరి 19న డెక్కన్ మాల్ బిల్డింగ్‌లో మంటలు. గంటల తరబడి కాలింది. ముగ్గురు కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాంక్రీట్ 300 డిగ్రీలు దాటితే బలం తగ్గడం మొదలవుతుంది, చాలా రకాల కంకరలో గులాబీ రంగు కూడా కనిపిస్తుంది. 600 డిగ్రీల దగ్గరకొస్తే ఇక దాని మీద భరోసా పెట్టుకోలేం. ఆ బిల్డింగ్ రిపేరుకు పనికిరాదని తేల్చి కూల్చాలని నిర్ణయించారు. మనుషులు లోపలికి వెళ్లి సుత్తితో కొట్టే పరిస్థితి లేదు. అందుకే దూరం నుంచి పొడవాటి చేయి ఉన్న క్రషర్ మిషన్‌తో పై నుంచి నమిలినట్టు తీసుకుంటూ వచ్చారు. ఆ పని జరుగుతుండగా కొంత భాగం ఒక్కసారిగా కుప్పకూలింది కూడా. మనుషులు దూరంగా ఉండటం ఎందుకంత ముఖ్యమో అప్పుడు అర్థమైంది.

రెండోది మాదాపూర్ మైండ్‌స్పేస్. 2023 సెప్టెంబరు 23న రెండు బ్లాకుల్ని పేలుడు పదార్థాలతో క్షణాల్లో నేలమట్టం చేశారు. ఆ స్థలంలో కొత్త బిల్డింగులు రావాలి కాబట్టి. ఆ వీడియో మీరందరూ చూసే ఉంటారు. మూడోది గచ్చిబౌలి సిద్దిఖ్ నగర్. 2024 నవంబరులో, పక్క ప్లాట్‌లో గొయ్యి తవ్వడంతో ఒక చిన్న స్థలంలో కట్టిన పలు అంతస్తుల ఇల్లు పక్కకి ఒరిగింది. చుట్టుపక్కల వాళ్లని ఖాళీ చేయించి మిషన్‌తో కూల్చేశారు.

ఈ మూడింటిలో కామన్ పాయింట్ ఏంటి? ఏదీ మిగల్చాల్సిన అవసరం లేదు. మొత్తం పోవాల్సిందే. మన సెల్లార్ బీమ్ సంగతి అలా కాదు. పాడైన రెండు మూడు అంగుళాలు పోవాలి, దాని వెనకున్న మంచి కాంక్రీట్ ఉండాలి, సలాకలు ఉండాలి, పైన ఐదు అంతస్తుల జనం ఉండాలి. అందుకే ఇక్కడ చరిత్ర రెండో దారి పట్టింది. ఈ దారి ఎక్కువమందికి తెలియదు.

1970ల నుంచి అమెరికా, యూరప్‌లలో యుద్ధం తర్వాత కట్టిన వంతెనలు పెచ్చులూడటం మొదలైంది. రిపేర్లు చేశారు. కొన్నేళ్లకే ఆ ప్యాచ్‌లు ఊడిపోయాయి. ఎందుకని చూస్తే, బరువైన సుత్తి కింది మంచి కాంక్రీట్‌లో కూడా కంటికి కనపడని సన్న పగుళ్లు పెట్టేస్తోందని తేలింది. పైన కొత్త మెటీరియల్ ఎంత మంచిదైనా, అది అతుక్కున్న పొరే నలిగిపోయి ఉంటే ఏం లాభం? ఇంకో సమస్య, సుత్తి నేరుగా సలాకకి తగిలితే ఆ అదురు సలాక వెంబడి దూరం వెళ్తుంది. బాగున్న చోట కూడా పట్టు వదిలిస్తుంది.

అందుకే అక్కడ హైవే పనుల నిబంధనల్లో సుత్తి బరువుకి పరిమితి పెట్టడం మామూలైపోయింది. మామూలుగా 30 పౌండ్లు, అంటే సుమారు 14 కిలోలు దాటొద్దు. సలాకల దగ్గరైతే 15 పౌండ్లు, అంటే 7 కిలోల లోపు చిప్పింగ్ సుత్తి. వందేళ్లు బరువు పెంచుకుంటూ వచ్చిన చరిత్ర, రిపేర్ దగ్గర మాత్రం వెనక్కి తిరిగి తేలిక సుత్తి దగ్గరికి వచ్చింది.

ఆ తర్వాత నీళ్లొచ్చాయి. 1970ల చివర్లో యూరప్‌లో నీటి జెట్‌తో కాంక్రీట్ తీయడం మొదలైంది. 1000 బార్, ఆపైన ఒత్తిడి. మీ కారు టైర్‌లో ఉండేది రెండు బార్ల పైచిలుకు, అంటే దానికి 400, 500 రెట్లు. ఆ నీళ్లు బలహీనమైన కాంక్రీట్‌లోకి చొరబడి లోపలి నుంచి విడగొడతాయి, గట్టి కాంక్రీట్‌ని చాలా వరకు వదిలేస్తాయి. అదురు లేదు, దుమ్ము తక్కువ, సలాక మీద తుప్పు కూడా కడిగేస్తుంది. మరి అన్నిచోట్లా అదే వాడొచ్చు కదా? ఖర్చు ఎక్కువ. నీళ్లు చాలా కావాలి, వచ్చే మురుగు క్షారం ఎక్కువగా ఉంటుంది కాబట్టి డ్రైనేజీలోకి వదలకూడదు. ఆ జెట్ మనిషికి తగిలితే ఎముక దాకా కోస్తుంది. పెద్ద వంతెనలకి సరే. కరెంట్ వైర్లు, పార్కింగ్, పైన కాపురాలు ఉన్న సెల్లార్‌కి అంత సులభం కాదు. 1976లో స్వీడన్‌లో మొదలైన బ్రాక్ కంపెనీ లాంటి వాళ్లు రిమోట్‌తో నడిచే రోబోలు కూడా తెచ్చారు. మనిషి ప్రమాదకర చోటుకి వెళ్లకుండా పని చేయడం వాటి అసలు లాభం.

సైబరాబాద్‌కి ప్రత్యేకమైన ఒక హెచ్చరిక. ఇక్కడ చాలా ఆఫీసు బిల్డింగుల్లో, ఫ్లైఓవర్లలో పోస్ట్ టెన్షనింగ్ ఉంటుంది. అంటే బీమ్ లోపల స్టీల్ తీగల కట్టలు బిగించి లాగి ఉంచుతారు. అర అంగుళం తీగ ఒక్కోటి 10 టన్నులకు పైనే లాగుడులో ఉంటుంది. డ్రిల్లో కట్టరో దానికి తగిలితే బీమ్ బలం పోవడమే కాదు, తెగిన తీగ విసురుకి మనిషే పోవచ్చు. అందుకే ఏ పనిముట్టు తీసుకున్నా ముందు డ్రాయింగ్ చూడాలి, స్కానర్‌తో లోపల ఏముందో చూడాలి.

ఇక మన సెల్లార్ బీమ్‌కి తిరిగొద్దాం. ఇంజినీర్ చూసి రిపేర్ చేయొచ్చు అన్నాడనుకుందాం. పని వరస ఎలా ఉండాలి?

మొదటి పనిముట్టు సుత్తి కాదు, జాకీ. బీమ్ మోసే బరువుని తాత్కాలికంగా కిందికి దించే జాకీలు పెట్టాలి. అవి గట్టి ఆధారం మీద నిలబడాలి. కింద ఇంకో సెల్లార్ ఉంటే అక్కడ కూడా అదే వరసలో పెట్టాలి. గదిలో ఉన్న వాళ్లని ఖాళీ చేయించాలి. 2016 డిసెంబరులో కోకాపేటకి దగ్గర్లోనే, నానక్‌రామ్‌గూడలో కడుతున్న బిల్డింగ్ కూలి 11 మంది చనిపోయారు. అది రిపేర్ పని కాదు, కారణాలు వేరు. కానీ బిల్డింగ్ కూలేటప్పుడు పారిపోయే టైమ్ ఇవ్వదని, కింద ఉండేది ఎక్కువగా కూలీల కుటుంబాలేనని అది మర్చిపోకుండా చేసింది.

రెండు, వినడం. చిన్న సుత్తితో బీమ్ అంతటా తట్టుకుంటూ వెళ్లాలి. మంచి కాంక్రీట్ టంగ్ మంటుంది, విడిపోయింది డొల్లగా డబ్ డబ్ మంటుంది. కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు తట్టి చూసినట్టే. 1940ల చివర్లో స్విట్జర్లాండ్‌లో ఎర్నెస్ట్ ష్మిట్ చేసిన రీబౌండ్ సుత్తి ఇదే పనికి నంబర్ ఇచ్చింది. డొల్ల ఉన్నంత మేర సుద్దముక్కతో చదరంగా గీత గీయాలి.

మూడు, ఆ గీత మీద కట్టర్‌తో సుమారు 12 మిల్లీమీటర్ల లోతు గాడి. అంచులు సన్నగా అరిగినట్టు మిగిలితే కొత్త ప్యాచ్ అక్కడే ఊడుతుంది, అందుకని. కవరింగ్ తక్కువున్న చోట సలాక, రింగులు తెగకుండా లోతు తగ్గించాలి.

నాలుగు, అప్పుడు తేలిక చిప్పింగ్ మిషన్. ఉలిని నేరుగా లోపలికి దించకుండా ఏటవాలుగా పట్టాలి. చివరి పొర చేతి సుత్తి, ఉలితో. సలాక చుట్టూ కాంక్రీట్ వదులైపోతే సలాక వెనక కూడా 20 మిల్లీమీటర్ల ఖాళీ వచ్చేదాకా తీయాలి, కొత్త మెటీరియల్ చుట్టూ పట్టుకోవాలి కాబట్టి. ఇదంతా ఒకేసారి బీమ్ పొడవునా చేయకూడదు, కొంచెం కొంచెంగా, ఇంజినీర్ చెప్పిన వరసలో చేయాలి. సలాక బాగా సన్నబడి ఉంటే అక్కడ ఆగి మళ్లీ ఆయన్నే అడగాలి. ఎంత తీయాలో మేస్త్రీ గానీ అసోసియేషన్ సెక్రటరీ గానీ నిర్ణయించే విషయం కాదు. ఈ పద్ధతులు రహస్యాలేం కావు, 2002లోనే సీపీడబ్ల్యూడీ ఆర్‌సీసీ బిల్డింగుల రిపేర్ మీద ఒక పూర్తి హ్యాండ్‌బుక్ వేసింది.

ఐదు, పని చేసే మనిషి. నీళ్లు చల్లుతూ చేయాలి, దుమ్ముకి సరైన మాస్క్, కళ్లద్దాలు, చెవులకి రక్షణ, మధ్య మధ్యలో చేతులకి విరామం. హాక్స్ నెస్ట్‌లో తెలిసి కూడా చేయని పని మనం మన సెల్లార్‌లో చేయాలి.

ఇప్పుడు ఆ మేస్త్రీ మాట మళ్లీ గుర్తు చేసుకోండి. గంటలో రాల్చేస్తానన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, ఆయన చేతిలో ఉన్నది బండ కోసం పుట్టిన మిషన్. ఆ మిషన్ చరిత్రంతా ఎంత తొందరగా పగలగొట్టాలి అన్న ప్రశ్నకి జవాబు. మన బీమ్ అడుగుతున్నది వేరే ప్రశ్న: ఏది మిగలాలి? వడ్డెర పెద్దాయన బండ ముందు కూర్చుని సమ్మెట ఎత్తకముందు అడిగేది కూడా అదే. విడగొట్టిన తర్వాత నా చేతిలో మంచి రాయి మిగలాలి కదా, దెబ్బ ఎక్కడ వెయ్యాలి అని.

హైటెక్ సిటీకి ఆనవాలు సైబర్ టవర్స్. అది 1998లో మొదలైంది. ఆ తరం బిల్డింగులన్నీ ఇప్పుడు పాతికేళ్లు దాటేశాయి. వాటి చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లూ అంతే. కొత్త టవర్ల ఎత్తు గురించి రీల్స్ చూస్తున్నాం. వచ్చే ఇరవై ఏళ్లలో ఈ పాతవాటి బీమ్‌ల కింద నిలబడి సుత్తి ఎంచుకునే పని మన తరానిదే.

కాబట్టి ఈ రోజు ఒక పని చేయండి. ఫోన్ టార్చ్ వేసుకుని మీ సెల్లార్‌కి వెళ్లి పైకి చూడండి. సలాక వెంబడి పొడుగ్గా పగులు గానీ, తుప్పు మరక గానీ, పెచ్చు గానీ కనిపిస్తే ఫొటో తీసి అసోసియేషన్ గ్రూప్‌లో పెట్టండి. మేస్త్రీ కంటే ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవమని చెప్పండి. ఆ బీమ్ కింద ఎవరైనా నిద్రపోతుంటే, ఈ రాత్రికే వాళ్ల మంచం పక్కకి జరిపించండి.

ఉంటాను ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.